మాలకొండయ్య ఎక్కిన కాలేజీ బస్సు

2023లో సంగతి. ఆత్మకూరు బస్టాండు ఎదురు సందులో నా నెట్ సెంటర్. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ మొదలైందంటే నాకు అన్నం సహించదు, నిద్ర పట్టదు. కష్టమై కాదు, సంబరం పట్టలేక. మర్రిపాడు, అనంతసాగరం, ఉదయగిరి వైపు పల్లెల నుంచి పిల్లలు అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వస్తారు. ఏ పిల్ల ఏ ఊరికి పోబోతుందో వాళ్ళ మేనమామల కంటే నాకే ముందు తెలుస్తుంది. పెళ్ళిళ్ళ పేరయ్యకు కూడా ఇంత హుషారు ఉండదేమో.

ఈ పని తెలియనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. వెబ్ ఆప్షన్లు అంటే, మనం కోరుకునే కాలేజీలను ఇష్టాన్ని బట్టి కంప్యూటర్‌లో ఒకదాని కింద ఒకటి పెట్టడం. సీట్లు ఇచ్చే రోజు కంప్యూటర్ పైనుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది. మన ర్యాంకుకు మొదట ఏది అందితే అది ఇచ్చి ఆగిపోతుంది. దాని కింద ఏముందో ఇక చూడదు. విషయం ఇంతే. ఇది మావాళ్ళకు ఎక్కించేసరికి మాత్రం నాకు తల ప్రాణం తోకకు వస్తుంది. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టడం అలవాటైన జనం మేము. ఇక్కడా అదే పని. ఖాయంగా వచ్చే కాలేజీని అన్నిటికన్నా పైన పెట్టేస్తారు, ముందు ఒకటి చేతిలో ఉంటే చాలు, మంచిది తర్వాత చూసుకోవచ్చని. అలా పెడితే ఆ మంచిది జన్మలో రాదు.

మాలకొండయ్య చేసింది సరిగ్గా అదే. మర్రిపాడు అవతల ఒక పల్లెలో గొర్రెలు మేపుకునే మనిషి. కూతురు శ్రావణికి మంచి ర్యాంకు వచ్చింది. ఆ ర్యాంకుకు రెండు దారులు. ఒకటి నెల్లూరు దగ్గరి కాలేజీ, ఆత్మకూరు నుంచి వాళ్ళ బస్సు ఉంది, రోజూ పోయి రావచ్చు. రెండోది ఒక రాత్రి రైలు ప్రయాణమంత దూరంలో, హాస్టల్లో ఉండి చదివే యూనివర్సిటీ. చదువు సంగతి చూస్తే రెండింటికీ పోలికే లేదు. ఆయన మాత్రం దగ్గరిదే పైన పెట్టమన్నాడు. నేను ఎంత చెప్పినా వినలేదు.

"రోజూ ఇంటికొస్తాది గదా మస్తానయ్యా. కళ్ళ ముందర ఉంటాది. అదొక్కటి చాలు నాకు" అన్నాడు.

ఆయన చెప్పినట్టే పెట్టి సేవ్ చేశాను. ఆయన టీ తాగడానికి బయటికి వెళ్ళగానే, అప్పటిదాకా నోరు విప్పని పిల్ల నా దగ్గరకు వచ్చి, యూనివర్సిటీని పైకి మార్చేయమంది. నాయనకు తర్వాత నెమ్మదిగా చెప్పుకుంటానంది. వాళ్ళ ఫోను ఆ పిల్ల చేతిలోనే ఉంది, మార్చడం నాకు క్షణం పని, చెయ్యి దురద పెట్టిన మాట కూడా నిజం. కానీ రేపు ఆ మనిషి ముఖం నేనెలా చూడాలి? కుదరదన్నాను. పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు ఆమె మీద కాదు, తండ్రి మీద కోపం వచ్చింది.

ఆయన తిరిగి రాగానే పట్టుకున్నాను. "మాలకొండయ్యన్నా, పొట్టేలును పళ్ళు చూడకుండా కొంటావా?"

"ఎవురైనా కొంటారా? ఏం మాటది?"

"మరి నాలుగేళ్ళు నీ కూతురు తిరగబోయే బస్సు ఒక్కసారైనా ఎక్కి చూసినావా?"

ఆ మాట ఆయనకు తగిలింది. ఆ బస్సు డ్రైవరు నాకు బాగా తెలిసినవాడు, రోజూ నా పక్క కొట్లోనే టీ తాగుతాడు. ఆప్షన్లు మార్చుకోవడానికి మర్నాడే ఆఖరి రోజు. ఆ రోజే తండ్రీకూతుళ్ళను పొద్దున తీసుకెళ్ళి సాయంత్రం తెచ్చి దింపడానికి అతన్ని ఒప్పించాను. మా ఆవిడ విని, నీ పని నువ్వు చూసుకోక ఊళ్ళోవాళ్ళ పిల్లల గొడవ నీకెందుకని చీవాట్లు పెట్టింది. నిజమే. కానీ ఆ రోజంతా ఎవరి పని చేస్తున్నా నా చూపు రోడ్డు మీదే.

పొద్దుగుంకే వేళకు బస్సు వచ్చింది. మాలకొండయ్య నలిగిన చొక్కాతో దిగి నేరుగా కొట్లోకి వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. నీళ్ళిచ్చాను. తాగి, నేను అడగకముందే మొదలుపెట్టాడు.

"తొలికోడికి లేచి ఆత్మకూరు చేరినాం. బస్సు ఎక్కంగానే పిల్లకాయలంతా నిద్రపోయినారు. వచ్చేటప్పుడూ నిద్రే. నా పక్కన ఒక పిల్ల కూర్చోనుండాది, దాన్ని అడిగినాను, ఇంటికి పోయి అమ్మానాయనతో ఏం మాట్లాడతావమ్మా అని. ఆదివారం మాట్లాడతా తాతా అనింది." గ్లాసు కింద పెట్టి, "నన్ను తాతా అనింది చూడు" అని గొణిగాడు.

శ్రావణి నవ్వింది. ఆయన నవ్వలేదు.

"కళ్ళ ముందర ఉంటాదనుకుంటిని. ఉండేది దాని పడక ఒక్కటే. పైన దూరందే పెట్టు మస్తానయ్యా."

నేను కుర్చీలోంచి లేచి గంతెయ్యలేదంతే. గబగబా పేజీ తెరిచి యూనివర్సిటీని పైకి, నెల్లూరు కాలేజీని దాని కిందికి జరిపాను. పైది రాకపోయినా కిందిది ఎక్కడికీ పోదు. సేవ్ నొక్కితే OTP అడిగింది. OTP అంటే వాళ్ళ ఫోనుకు వచ్చే రహస్య నంబరు, కాసేపే పనిచేస్తుంది. ఫోను అడిగాను. తండ్రీకూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రోజంతా బయట ఉంటామని ఫోను పెంచలమ్మకు, అంటే ఆ పిల్ల తల్లికి, ఇచ్చి వచ్చారట.

పెంచలమ్మ గొర్రెల దగ్గర ఉంది. మా మెట్ట ఊళ్ళలో రాత్రిళ్ళు గొర్రెలను రైతు పొలంలో మంద కడతారు, ఆ పొలానికి ఎరువవుతుందని. ఆ రోజు మంద ఉన్న పొలంలో సిగ్నల్ లేదు. మంద కట్టాక పెంచలమ్మ పక్కనున్న గుట్ట ఎక్కి ఫోను చూసుకుంటుందని శ్రావణి చెప్పింది. నా ఫోను నుంచి చేస్తూనే ఉన్నాం. అందుబాటులో లేరు, అందుబాటులో లేరు. ఇవతల మర్రిపాడు వైపు ఆఖరి బస్సు వచ్చి నిలబడింది. కాసేపు ఆపమని కండక్టరును బతిమాలడానికి మాలకొండయ్య పరిగెత్తాడు.

ఆయన వచ్చేసరికి అవతల ఫోను మోగింది. పెంచలమ్మ ఎత్తింది. నేను OTP పంపాను. స్పీకరులో గొర్రెల అరుపులు, గాలి.

"ఏందో నంబరు వచ్చిండాది. దేనికిది?" అందామె.

అప్పుడు తెలిసింది నాకు, ఇంటి ఇల్లాలికి ఈ మార్పు సంగతి ఎవరూ చెప్పలేదని. చెప్పడానికి తీరిక ఎక్కడిది, ఆయన మనసు మారింది ఆ బస్సులోనే కదా. మాలకొండయ్య ఫోను కూతురి చేతిలో పెట్టాడు.

"దూరం కాలేజీకి అమ్మా. హాస్టల్లో ఉండాల. నాయన సరే అన్నాడు."

పెంచలమ్మ గొర్రెలను ఒకసారి అదిలించింది.

"నాయన సంగతి నేనడగలా. నువ్వేమంటావు?"

"నేను పోతానమ్మా."

"అయితే రాసుకో" అంది పెంచలమ్మ, ఒక్కో అంకె చదివింది. వేసి నొక్కాను. ఆ OTP టైం అయిపోయిందని వచ్చింది. మళ్ళీ పంపాను.

"మళ్ళా మళ్ళా అడగబాకండయ్యా, నా మనసు మారతాది" అంది. అయినా రెండోసారీ చదివింది.

సేవ్ అయింది. బస్సు హారన్ కొడుతోంది. తండ్రీకూతుళ్ళు చెప్పులు చేతబట్టుకుని పరిగెత్తారు.

సీటు యూనివర్సిటీలోనే వచ్చింది. ఆ కబురు చెప్పడానికి నేను ఫోను చేసింది పెంచలమ్మ గుట్ట ఎక్కే వేళకే.

ఎన్నో ఏళ్ళుగా ఎందరికో ఆప్షన్లు పెట్టాను. ఏది పైన, ఏది కింద అన్నది తెలిస్తే ఈ పని వచ్చినట్టే అనుకునేవాణ్ణి. శ్రావణి విషయంలో నేనూ మాలకొండయ్యా రెండు రోజులు వాదించుకున్నాం, పొట్టేళ్ళ దాకా పోయాం, బస్సు కూడా ఎక్కించాం. ఆ పిల్లను నువ్వేమంటావని అడిగింది మాత్రం గుట్ట మీద నిలబడిన పెంచలమ్మ ఒక్కతే. ఇప్పుడు ఎవరొచ్చినా వెంటనే కంప్యూటర్ ముందు కూర్చోను. తండ్రిని కాసేపు ఆగమని, ముందు పిల్లను ఆ మాట అడుగుతాను. తర్వాత, OTP వచ్చే ఫోను ఎవరి దగ్గరుందో కనుక్కుని, వాళ్ళకు సంగతి ఆ పిల్ల చేతే చెప్పిస్తాను.