మన గల్లీ వేరే

మొన్న మా అపార్టుమెంటు మీటింగులో సెక్రటరీ గారు గొంతు సవరించుకుని, "ఎక్కడ ఏ గొడవలు జరిగినా మన దగ్గర జరగవండీ, మనవాళ్లు అట్లాంటివాళ్లు కారు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతులు మాత్రం ఒళ్లోంచి లేవలేదు. హైదరాబాద్ పాతబస్తీ గౌలిపురలో ఉండే మా చిన్నాన్న గుర్తొచ్చాడు.

చిన్నాన్న కాలేజీలో అమెరికా నవలలు చెప్పేవాడు. ఇంట్లో మాకూ తప్పేది కాదు, పప్పులో ఉప్పు దగ్గర మొదలుపెట్టినా అమెరికాలోనే తేలేవాడు. "మేం దేవుడు ఏరుకున్న జనం, మాతోని తప్పు జరగదు అనుకుంటది ఆ దేశం. దాని గొప్ప రచయితలేమో, లోపల ఏం కుళ్లిందో చూడుండ్రి అంటరు. దేశం మీద ప్రేమ ఉన్నోడే గట్ల రాస్తడమ్మా" అనేవాడు. వాళ్లింట్లో ఉండి డిగ్రీ చదువుతున్న నాకు ఆవలింతలొచ్చేవి.

ఎనభైల మొదట్లో ఒకసారి హిందూ ముస్లిం గొడవలతో కర్ఫ్యూ పెట్టారు. మా గల్లీలో ఉన్న ఒకే ఒక్క ముస్లిం కుటుంబం దర్జీ భాయ్‌ది. ముందు దుకాణం, వెనక ఇల్లు. కర్ఫ్యూ కాసేపు సడలించగానే చిన్నాన్న వెళ్లి, పెళ్లాంపిల్లలతో సైదాబాద్‌లోని బావమరిది ఇంటికి పొమ్మని బతిమాలాడు. పక్కనే ఉన్న గల్లీ పెద్దమనుషులకు రోషమొచ్చింది. "ఏంది సారూ, మా మీద భరోసా లేదా? మన గల్లీ వేరే!" భాయ్ కూడా నవ్వి, "ఫికర్ నక్కో కరో సార్, ఏం భయం లేదు. మన గల్లీ వేరే" అన్నాడు. పోతే వాళ్లందరినీ అవమానించినట్టవుతుందని పాపం అతని మొహమాటం. "ఆ నవలల్లో గూడ గీ మాటనే అంటరు భాయ్" అన్నాడు చిన్నాన్న. ఎవరూ వినలేదు.

విన్నది చిన్నమ్మ. జాకెట్ల కొలతలు అర్జంటని, అందరికీ భోజనమూ ఇక్కడేనని ఆ కుటుంబాన్ని పిలిపించింది. కర్ఫ్యూలో జాకెట్లేందని భాయ్ నవ్వుకుంటూనే వచ్చాడు. సడలింపు అయిపోగానే చిన్నమ్మ తలుపు గడియ పెట్టేసింది. చీకటి పడకముందే గల్లీలో పరుగులు, కేకలు. ఎవరో మా తలుపు దాకా వచ్చి ఆగారు. భాయ్ భార్య చిన్నపిల్ల నోరు మూసింది. అడుగులు వెనక్కి మళ్లాక, కాలుతున్న బట్టల వాసన వచ్చింది.

"బయటోళ్లొచ్చి చేసిండ్రు" అన్నారు తెల్లారి పెద్దమనుషులు. చిన్నాన్న కాలిన దుకాణం వైపు చెయ్యి చూపించాడు. "వరుసగా మూడు షట్టర్లు. దేనికీ బోర్డు లేదు, కాలింది ఒక్కటే. భాయ్‌ది ఏదో బయటోళ్లకు ఎవరు చెప్పిండ్రు?"

భాయ్ కాలిన మిషన్‌ను తోపుడుబండి మీద పెట్టుకుని, మా వైపు కూడా చూడకుండా వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఇన్నేళ్లలో నా జుట్టంతా నెరిసింది. 'మన గల్లీ వేరే' అనే ఆ మాటకు మాత్రం ఒక్క వెంట్రుకా నెరవలేదు.