ఇన్‌స్పెక్టరు చివరి పేజీ

యాభైల్లో మద్రాసులో టీవీ మాటే లేదు. మాకు దొంగల్ని పట్టిచ్చేది రేడియో. ఆదివారం సాయంత్రం తెలుగు డిటెక్టివ్ నాటకం వచ్చేది, వరసగా పదమూడు వారాలు. ఇన్‌స్పెక్టరు వేషం రాయపురంలో మా పక్క పోర్షను మామది. హత్య జరిగిన ఇంట్లో పనిమనిషి వేషం నాది. హార్బరు కూలీ కూతురినైన నన్ను రేడియో స్టేషనుకు తీసుకెళ్ళి గొంతు పరీక్ష చేయించింది ఆయనే.

అప్పట్లో మా నాటకం రికార్డు చేసేవాళ్ళు కాదు. మైకు ముందు చదివింది చదివినట్టు ఊళ్ళోకి వెళ్ళిపోయేది. గుండుసూది తీసేసి విడికాగితాలు పట్టుకోవాలి. ఒక పేజీ అయిపోగానే చప్పుడు కాకుండా తివాచీ మీదకి జారవిడవాలి. కాగితం గరగరమందంటే గాజు కిటికీ అవతలనుంచి ప్రొడ్యూసరు కళ్ళతోనే ఉరేసేవాడు.

మామకు చూపు పోతోంది. మనుషులు మసకగా కనబడేవాళ్ళు, అక్షరాలు బొత్తిగా ఆనేవి కావు. ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు. ప్రతి శనివారం నేను చదివి వినిపిస్తే మొత్తం కంఠతా పట్టేవాడు. మర్నాడు మైకు ముందు కాగితాలు పట్టుకుని, చదువుతున్నట్టే తలాడిస్తూ, సరైన చోట సరిగ్గా జారవిడిచేవాడు. కందకు లేని దురద కత్తిపీటకన్నట్టు, వణికేది నేనే.

“తెలిసిందంటే తీసేస్తారు పాపా. ఈ గొంతు తప్ప నాకాడ ఇంకేముంది?” అనేవాడు.

పదమూడో వారం హంతకుడెవరో బయటికి పొక్కకూడదని ప్రొడ్యూసరు చివరి పేజీ తన దగ్గరే పెట్టుకున్నాడు. నాటకం మొదలవడానికి రెండు నిమిషాల ముందు వచ్చి మా చేతుల్లో తలా ఒకటి పెట్టాడు. “ఇది ఆయనకివ్వు,” అని మామ కాగితం కూడా నాకే ఇచ్చాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. చదివి వినిపిద్దామంటే చుట్టూ జనం. గబగబా ఆయన కాగితాల అడుగున దూర్చాను.

“ఏముంది దాంట్లో?” అన్నాడు పెదవులతోనే.

నేను నోరు తెరిచేలోగా ప్రసారం మొదలైందని ఎర్రదీపం వెలిగింది.

ఒక్కో పేజీ తివాచీ మీద పడుతూ వచ్చింది. ఆయన చేతిలో చివరి కాగితం ఒక్కటే మిగిలింది. ఇంటివాళ్ళందరినీ హాల్లో నిలబెట్టి ఇన్‌స్పెక్టరు హంతకుణ్ణి చూపించాల్సిన చోటు అది. మామ గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ సవరించుకున్నాడు. ప్రొడ్యూసరు కుర్చీలోంచి లేచాడు.

నా పేజీలో మామ మాటలూ ఉన్నాయి. ఏమైతే అయిందని పనిమనిషి గొంతుతోనే అందుకున్నాను. “అయ్యా, వకీలుగారి చేతికి కట్టెందుకుందో తమరు కనిపెట్టేశారు కదా?”

“కనిపెట్టకుండా ఎలా ఉంటాను!” అన్నాడు మామ, తొణక్కుండా.

“కిటికీ అద్దం లోపలినుంచే పగిలిందని కూడా?”

“లోపలినుంచే! పగలగొట్టిన చెయ్యి ఇదిగో, ఈ వకీలుదే!”

ఇద్దరం కలిసి వకీలుని పట్టేశాం. ఎర్రదీపం ఆరగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఆనందంతో నాకు ఏడుపొచ్చింది. ప్రొడ్యూసరు మాత్రం గాజు కిటికీ అవతలే ఉండిపోయాడు.

మరుసటి నెల కొత్త డిటెక్టివ్ నాటకానికి పిలుపు నాకొచ్చింది, మామకు రాలేదు. వెళ్ళి గట్టిగానే అడిగాను.

“చివరి కాగితం తలకిందులుగా పట్టుకున్నాడమ్మా,” అన్నాడు ప్రొడ్యూసరు. “నా కళ్ళతో చూశాను. చూపు లేనివాణ్ణి పెట్టుకుని ప్రతి వారం ప్రాణం చేతబట్టుకోలేను.”

అలా ఇచ్చింది నేను. ఆ కంగారులో ఏది పైనో ఏది కిందో చూసుకోలేదు. అన్నం పెట్టిన చేతినే విరిచేశానని కుమిలిపోయాను.

ఆ శనివారం అలవాటుగానే మామ దగ్గరికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

“ఎట్ల తెలిసిందో పాపా వాళ్ళకు? ఎవురైనా చెప్పినారా?” అన్నాడు.

“నాకు తెలీదు మామా.”

మామ ఆగాడు. ఇన్‌స్పెక్టరు అబద్ధాన్ని పట్టేటప్పుడూ అలాగే ఆగేవాడు.

“సరే, కొత్త నాటకం తెచ్చినావు కదా, చదువు. ఈ తూరి కాగితం తిన్నగా పట్టుకో.”

ప్రొడ్యూసరు ఆయనకూ చెప్పేశాడన్నమాట. నేను ఏడుస్తూనే మొదటి పేజీ చదివాను. ఇన్‌స్పెక్టరు మాటలు వచ్చినచోటల్లా ఆయన నా వెంట మెల్లగా పలికాడు.