కోనసీమలో ఒక అందమైన కెమెరా బ్యాగు, రెండుసార్లు ఎక్కిన ఒక చెట్టు

వీర్రాజు గారు ఆఖరి చెట్టు ఎక్కబోతున్నారని సూరిబాబు ఫోన్ చేయకపోతే ఆ వారం నేను ఇల్లు కదిలేదాన్ని కాదు. సూరిబాబు రావులపాలెంలో కారు నడుపుతాడు. కోనసీమ వెళ్ళినప్పుడల్లా నాకు అతని కారే. వీర్రాజు గారు అతని మేనమామ. అంబాజీపేట దాటి రాజోలు వైపు వెళ్ళే దారిలో, కాలవ పక్కన ఒక చిన్న ఊళ్ళో నలభై ఏళ్ళుగా దింపు పని చేస్తున్నారు. దింపంటే చెట్టెక్కి కొబ్బరి గెలలు కోసి దించడం. కిందటేడు వాళ్ళింట్లో కూర్చుని మజ్జిగ తాగుతుంటే ఆయన భార్య మహాలక్ష్మి గారు, “ఇన్నేళ్ళు ఎక్కేరండీ, చెట్టు మీద ఈయనది ఒక్క ఫొటో లేదు. ఎవరు తీస్తారు చెప్పండి” అన్నారు. నేను తీస్తాను, పటం కట్టించి పంపిస్తాను అన్నాను. మాట ఇవ్వడానికి ఖర్చేముంది. ఏడాది గడిచింది, నేను వెళ్ళలేదు.

“మేడమ్ గారండీ, మా మావయ్యకి మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందన్నారండీ డాక్టరు గారు. ఇంక ఎక్కితే నడక కూడా ఉండదన్నారు” అని సూరిబాబు ఫోన్‌లో చెప్పాడు. “బుధవారం పెరట్లో చెట్టు ఒక్కటీ ఎక్కేసి మానేస్తారంటండీ. అత్తయ్యకి అదీ ఇష్టం లేదు. ఒక్క చెట్టే అని ఒట్టు వేయించుకుంది. మీరు ఫొటో తీస్తానన్నారు కదా అని చెబుతున్నానండీ.” బ్యాంకులో ఒక రోజు సెలవు పెట్టాను. నాకు యాభై ఒకటి. ఎడమ భుజం రెండేళ్ళుగా మాట వినడం లేదు. విజయవాడ నుంచి వెళ్ళి రావడమంటే తెల్లవారుజామున లేవడం, రాత్రికి ఒళ్ళు హూనం చేసుకుని ఇంటికి చేరడం. అయినా ఈసారి వెళ్ళకపోతే ఇక మొహం చూపించలేను.

ఇక బ్యాగు సంగతి. మీలో చాలామంది అడిగేది దాని గురించే కాబట్టి ముందే చెబుతాను. పదేళ్ళుగా నేను మోసినది నల్లటి బ్యాక్‌ప్యాక్. వీపున సిమెంటు బస్తా కట్టుకున్నట్టుండేది. కానీ ఒక పట్టీ జార్చి ముందుకు తిప్పితే పక్కనున్న జిప్పులోంచి కెమెరా చేతికి వచ్చేది. నెల రోజులు ఫోన్‌లో ఫొటోలు చూసి చూసి దాన్ని అటక ఎక్కించి కొత్తది కొన్నాను. పాచిరంగు కాన్వాసు, తేనె రంగు తోలు పట్టీలు, రెండు ఇత్తడి బకిల్స్. ఒక భుజాన వేసుకునేది. ఏడు వేల ఎనిమిది వందలు. నేత చీర మీద ఎంత బాగుందో చెప్పలేను. కెమెరా బ్యాగులా కనిపించదు కాబట్టి దొంగల భయం లేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను కూడా. పైన పటారం లోన లొటారం అన్న మాట ఆ నెల రోజుల్లో ఒక్కసారీ గుర్తు రాలేదు.

బుధవారం ఉదయం ఐదుంపావుకి విజయవాడలో అమలాపురం బస్సు ఎక్కాను. టికెట్టు మూడు వందల పైచిలుకు. తణుకు దాటేసరికే భుజం లాగడం మొదలైంది. బ్యాగును ఒళ్ళో పెట్టుకుంటే బకిల్స్ పొట్టలో గుచ్చుకుంటున్నాయి, కింద పెడితే బస్సు కడిగిన తడి. రావులపాలెంలో దిగేసరికి తొమ్మిదయింది. సూరిబాబు కారు తెచ్చాడు. సాయంత్రం దాకా పెట్రోలుతో కలిపి రెండున్నర వేలు. కొత్తపేటలో ఆగి టిఫిన్ చేశాం. పనసాకు బుట్టల్లో ఉడికించే ఇడ్లీలను అక్కడ పొట్టిక్కలంటారు. మీరు వెళితే తొమ్మిదిన్నర లోపు వెళ్ళండి, తర్వాత ఉండవు. వడ్డిస్తున్న ఆవిడ నన్ను కాసేపు చూసి, “అంత బరువు ఒక్క భుజానే వేసేరేంటమ్మా, రెండు వైపులా ఉండాలి గదా” అంది. ఇది ఇలా మోసేదేనండీ అన్నాను. “ఆయ్, అలాగా” అంది మర్యాదగా. ఆ మర్యాదకు నాకు ఇంకా నొప్పెట్టింది.

పదిన్నరకి అంబాజీపేట చేరాం. వేరే రాష్ట్రాలకి వెళ్ళే లారీల్లోకి కాయలు ఎత్తుతున్నారు. ఎండుకొబ్బరి నిలవ చేసే ఒక కొట్లో ఫొటోలు తీసుకోనిచ్చారు. లోపల చీకటి, దుమ్ము, ఉక్కపోత. ఆషాఢం కదా, వాన రాదు, గాలీ ఆడదు. రెండు గంటలు అక్కడే నిలబడ్డాను. బ్యాగు అసలు రంగు బయటపడింది కూడా అక్కడే. నాజూగ్గా కనిపించడానికి సన్నగా కుట్టారు కాబట్టి పొడుగు లెన్సు బిగించి ఉన్న కెమెరా అందులో పట్టదు. లెన్సు విడిగా, కెమెరా విడిగా పెట్టాలి. వాటిపైన మెత్తని మూత, దానికి జిప్పు, ఆ పైన గుడ్డ, దానికి రెండు తోలు పట్టీలు. ఒక్కో ఫొటోకి ఒక్కో పెట్టె విప్పినంత పని. పనిచేసేవాళ్ళు నా అవస్థ చూసి మొహాలు తిప్పుకుని నవ్వుకున్నారు. ఆఖరికి విసుగెత్తి, దుమ్ముకు పాడవుతాయని అన్నీ లోపల పెట్టి బిగించేశాను. సెట్టింగులు మాత్రం ఆ చీకటికి సరిపడా పెట్టినవి పెట్టినట్టే ఉండిపోయాయి. ఇది గుర్తుపెట్టుకోండి, నేను పెట్టుకోలేదు.

భోజనం చేసి వీర్రాజు గారి ఇంటికి చేరేసరికి మూడు దాటింది. ఆయన అరుగు మీద కత్తి నూరుకుంటున్నారు. సన్నటి మనిషి, అరవై దాటాయి, తెల్లటి పంచె ఎగగట్టి ఉన్నారు. ఆ రోజుకని గడ్డం గీయించుకున్నారని చూడగానే తెలిసింది. మహాలక్ష్మి గారు నా చేతికి కొబ్బరి బొండం ఇచ్చి, “ఒక్క చెట్టేనండీ. పక్కింటాయన వాళ్ళదీ దించమంటే తలుపేసేసేను” అన్నారు. నేను నీడలో కుర్చీలో కూలబడ్డాను. కాళ్ళు తిమ్మిరి, భుజం మంట, పది నిమిషాలు ఎవరూ ఏమీ అడగకుండా ఉంటే బాగుండనిపించింది.

“ఎక్కేస్తానండీ మరి?” అని వీర్రాజు గారు అడిగారు. నేను తల ఊపాను. తాడు సరిచూసుకుంటారు, చెట్టుకు దణ్ణం పెట్టుకుంటారు, కాస్త టైము పడుతుంది కదా అనుకున్నాను. నలభై ఏళ్ళు రోజుకు ఇన్నేసి చెట్లు ఎక్కిన మనిషికి ముస్తాబు ఏముంటుంది. కాళ్ళకు తాడు బంధం వేసుకున్నారు, మొలలో కత్తి దోపుకున్నారు, అంతే. నేను మొదటి బకిల్ విప్పేసరికి ఆయన నా ఎత్తు దాటిపోయారు.

రెండో పట్టీ చెమటకు తడిసి ఉబ్బింది. లాగితే రాలేదు. గోరు విరిగాక గానీ ఊడిరాలేదు. తలెత్తి చూస్తే ఆయన సగం చెట్టు మీద ఉన్నారు. తొందర లేదు, ఆయాసం లేదు, ఇంట్లో మెట్లు ఎక్కుతున్నట్టు ఎక్కుతున్నారు. మోకాళ్ళ నొప్పి ఏమైందో మరి. సగంలో ఆగి ఒక చేయి వదిలేసి కిందకు చూశారు. ఎండ ఏటవాలుగా మొహం మీద పడుతోంది. “ఏమే, పడితే పట్టుకుంటావా?” అన్నారు భార్యను చూసి. “ముందు కాయలు పడనివ్వండి” అందావిడ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ. ఆయనా నవ్వారు. నేను ఏడాది కిందట మాట ఇచ్చిన ఫొటో సరిగ్గా అదే. నా చేతిలో అప్పటికి లెన్సు మాత్రమే ఉంది.

లెన్సు బిగించి, మూత తీసి, కన్ను పెట్టేసరికి ఆయన మట్టల్లో కలిసిపోయారు. కాయలు ధబధబా పడుతున్నాయి. దిగేటప్పుడైనా తీద్దామని గబగబా నొక్కాను. పదో పన్నెండో తీశాను. చూసుకుంటే అన్నీ తెల్లగా వెలిసిపోయి ఉన్నాయి. కొట్లో చీకటికి పెట్టిన సెట్టింగులు, మూడున్నర ఎండ. చెట్టు ఎక్కడో, మనిషి ఎక్కడో కూడా తెలియడం లేదు.

“ఫొటో పడిందాండీ?” అని అడిగారు వీర్రాజు గారు తుండుతో మొహం తుడుచుకుంటూ.

పడిందని చెప్పి ఉండవచ్చు. నాకు అబద్ధం ఆడే ఓపిక కూడా లేకపోయింది. నా మొహం చూసి ఆయనకు అర్థమైపోయింది. పక్కన పడేసిన తాడు మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు.

“ఒక్క చెట్టే అన్నారు” అన్నారు మహాలక్ష్మి గారు.

“ఒక్క చెట్టే కదే. ఇదే చెట్టు కదా” అన్నారాయన. “అంత దూరం నుంచి ఆవిడ పని మానుకుని వచ్చేరు. ఒట్టి చేతుల్తో పంపుతామా?”

“వద్దండీ” అన్నాను నేను. ఒక్కసారి అన్నాను. విస్తరి ముందు కూర్చుని మొదటిసారి వద్దంటే ఎవరూ లెక్కచేయరు, అది మొహమాటమని వడ్డించేవాళ్ళకూ తెలుసు, తినేవాళ్ళకూ తెలుసు. రెండోసారి చేయి అడ్డం పెడితేనే ఆగుతారు. నేను రెండోసారి అనలేదు. ఎందుకంటే నాకు ఆ ఫొటో కావాలి. ఇంత అలసిపోయి, ఇంత దూరం వచ్చి, ఉత్త చేతులతో పోవాలని లేదు. సూరిబాబు నా వైపు చూశాడు, నేను కెమెరా సెట్టింగులు మారుస్తున్నట్టు తల దించుకున్నాను.

రెండోసారి ఆయన మెల్లగా ఎక్కారు. రెండు బారలకు ఒకసారి ఆగుతున్నారు. నుదురు చెట్టుకు ఆనించి ఊపిరి తీసుకుంటున్నారు. పిక్కలు వణకడం లెన్సులోంచి బాగా కనిపిస్తోంది. పెదవి బిగబట్టి నా వైపు చూశారు, సరిగ్గా పడాలని. ఈసారి మహాలక్ష్మి గారు చెట్టు వైపు చూడలేదు. రాలిన కాయలు ఒక్కొక్కటే ఏరి గోడ వారన పెడుతున్నారు. ఆయనకు పైన కోయడానికి ఏమీ మిగల్లేదు. ఊరికే దిగడం అలవాటు లేక ఒక ఎండుమట్ట నరికి పడేసి దిగారు. నేల ఇంకో బారెడు ఉందనగా కాలు పట్టు తప్పింది. సూరిబాబు పరుగెత్తి నడుం పట్టుకున్నాడు. మోకాళ్ళు ముడవలేక కాళ్ళు బార్లా చాపి వలిచి పడేసిన కొబ్బరి డొక్కల మీద కూర్చుండిపోయారు. మహాలక్ష్మి గారు వేణ్ణీళ్ళు తెచ్చి గుడ్డ ముంచి కాపడం పెట్టారు.

కెమెరా వెనక తెర మీద ఫొటో చూపించాను. వీర్రాజు గారు “బాగుందండీ” అన్నారు. మహాలక్ష్మి గారు చేయి తుడుచుకుని వచ్చి చాలాసేపు చూశారు. “ముసలాయన అయిపోయేరు” అన్నారు, ఆ సంగతి అప్పుడే తెలిసినట్టు. నాకు ఏడుపొచ్చింది. క్షమించండి అన్నాను. “అయ్యో, మీరేం చేసేరండీ” అంటూ నాలుగు కాయలు వలిచి సంచిలో వేసి ఇచ్చారు. ఆ గోనెసంచి కారు దాకా సూరిబాబు మోశాడు. నా బ్యాగు నేనే మోసుకున్నాను.

దారిలో సూరిబాబు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. రాజోలు దాటాక, “కోపమా?” అని అడిగాను. “లేదండీ. మీరు రెండోసారి వద్దంటే ఆగేవారండీ మావయ్య” అన్నాడు, గేరు మారుస్తూ. ఆరింటికి సఖినేటిపల్లి రేవులో దించాడు. గోదావరి దాటించి నరసాపురం చేర్చే పంటు, అంటే పెద్ద పడవ, సిద్ధంగా ఉంది. మనిషికి ఇరవై రూపాయలు తీసుకున్నారు. చీకటి పడ్డాక పంటు ఎంతసేపు నడుస్తుందో ముందే కనుక్కోండి, ఏరు పోటు మీదుంటే ఆలస్యం చేస్తారు. అవతల గట్టున దిగి విజయవాడ బస్సు పట్టుకున్నాను. ఇంటికి చేరేసరికి పదకొండయింది. వీర్రాజు గారు ఆ రాత్రి నిద్రపోయి ఉంటారా అన్న ఆలోచనతో నాకు నిద్ర పట్టలేదు.

పటం కట్టించి పంపాను. వాళ్ళ ముందు గదిలో తగిలించారని సూరిబాబు చెప్పాడు. ఆయన ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారట. ఆ రెండోసారి ఎక్కకపోయినా కర్ర వచ్చేదేమో, డాక్టరు ముందే చెప్పాడు కదా అని నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను, ఒక్కోసారి నమ్ముతాను కూడా. ఆ ఫొటో చూసి చాలామంది మెచ్చుకున్నారు. చెట్టు, ఎండ, బిగిసిన నరాలు అన్నీ చక్కగా పడ్డాయి, శ్రమ కనిపిస్తోందన్నారు. ఆయన నలభై ఏళ్ళు శ్రమ కనిపించకుండా ఎక్కారు, ఆ ఎక్కడాల్లో ఆఖరిది నా కళ్ళ ముందే జరిగింది. ఇంటికి ఎవరొచ్చినా వీర్రాజు గారు పటం చూపించి, “ఇది రెండోసారి ఎక్కినప్పటిదండీ, మొదటిసారి ఇలా ఎక్కలేదు” అని చెబుతున్నారట.

కెమెరా బ్యాగు కొనేవాళ్ళకు ఒక్క మాట. మీ కెమెరా, మీరు ఎక్కువగా వాడే లెన్సు బిగించి, దుకాణానికి పట్టుకెళ్ళండి. దాన్ని బ్యాగులో పెట్టి మూసేసి, నిలబడి, కళ్ళు బ్యాగు వైపు తిప్పకుండా ఒంటి చేత్తో బయటకు తీయండి. ఐదు లెక్కపెట్టేలోగా రాకపోతే, అది మీకు ఎంత నప్పినా సరే, అక్కడే వదిలేసి వచ్చేయండి. మీకు పట్టే ఆలస్యాన్ని అవతలి మనిషి మోయాల్సి వస్తుంది.