అల తిరిగి తెచ్చిన కొబ్బరికాయ

నడుము లోతు నీళ్లలో ఉన్న మా తమ్ముడు సాయిలు, చేతిలో కొబ్బరికాయతో సహా, నా కళ్ల ముందే అల కిందికి వెళ్లిపోయాడు. నేను ఒడ్డున నిలబడి చూస్తున్నాను.

గోవాలో ఆ బీచ్‌ను ఎంచుకున్నది నేనే. నారాయణఖేడ్‌లో విలేకరిగా పనిచేసిన అలవాటు కొద్దీ, వెళ్లొచ్చిన వాళ్లందరినీ అడిగి, లోతు తక్కువని తేల్చుకున్నాను. బనానా బోటు, పారాసెయిలింగ్ లాంటి నీళ్ల ఆటలు వద్దని ముందే చెప్పాను. కొబ్బరికాయ సంగతి మాత్రం ఆలోచించలేదు.

నీళ్లలో దిగేముందు గంగమ్మకు కాయ వదలడం మా ఇంటి పద్ధతి. మా దగ్గరి మంజీర నదిలో వదిలితే అది కొట్టుకుపోతుంది. ఇక్కడ రెండుసార్లు విసిరినా అల తెచ్చి కాళ్ల దగ్గరే పడేసింది.

"తల్లి తీస్కుంట లేదు. ఇంకింత లోపటికి పోయి ఇడువు" అంది తమ్ముడి భార్య లక్ష్మి.

"గంగమ్మ నీకంటే మొండిగుందే" అని నవ్వుకుంటూ వాడు ముందుకు నడిచాడు.

బీచ్ కాపలావాళ్లు వాడిని బయటికి లాగారు. రెండు రోజులు దవాఖానలో ఉండి కోలుకున్నాడు. కాయ దానంతటదే ఒడ్డుకు వచ్చింది. లక్ష్మి దాన్ని ఇంటికి తెచ్చింది.

ఆ కాయను దేవుడి ముందు కొట్టాలో, మంజీరలో వదలాలో ఇంట్లో ఎవరూ చెప్పలేకపోతున్నారు. అది ఇప్పటికీ దేవుడి అరలోనే ఉంది.