జ్వరము వచ్చినందున

ఒక్క చీటీ రాసి తన కొంప తానే ముంచుకున్న మొనగాణ్ణి మీరు చూసి ఉండరు. ఇదిగో, చూడండి.

ఆదిలాబాదులో జిన్నింగు మిల్లులో మిషనుకు పత్తి అందించేవాణ్ణి. ఒకరోజు అది పత్తితోపాటు నా కుడిచేతి నాలుగు వేళ్లూ మింగింది. కట్లు విప్పాక, ఇక ఆ పని నావల్ల కాదని తేలింది. మిల్లు లెక్కలు చూసే మునీము మరాఠీ మనిషి. "పోచన్న భావూ, రాజీనామా రాసియ్యి" అన్నాడు.

ఎడమచేత్తో పెన్ను పట్టుకుని కూర్చున్నాను. నవ్వకండి, చెయ్యి పోయిందని రాయడానికి చెయ్యి రాలేదు. ఏడుపొచ్చింది. బళ్లో నేర్చిన సెలవు చీటీ ఒక్కటే గుర్తుంది. అదే దించేశాను: "నాకు జ్వరము వచ్చినందున పని మానుకొనుచున్నాను. ఇట్లు, తమ విధేయ విద్యార్థి." అప్పటికి నాకు నలభై రెండేళ్లు. మునీముకు తెలుగు చదవరాదు. ముద్ర వేసి, నకలు ఒకటి నా చేతిలో పెట్టాడు.

నా భార్య రాజవ్వకు గుండెజబ్బు. ఆమె మందులన్నీ నా బీమా కార్డు మీదే వచ్చేవి. కొలువు పోతే కార్డూ పోతుంది. అయితే పనిలో దెబ్బ తగిలి కొలువు పోయినవాళ్లు ఏటా కొద్దిగా కట్టి ఆలుమగలిద్దరికీ వైద్యం కొనసాగించుకోవచ్చని తెలిసి, ఇద్దరం బీమా ఆఫీసుకు పోయాం.

అక్కడి మేడమ్ చీటీ చదివింది. మళ్లీ చదివింది.

"జ్వరమొచ్చి కొలువు ఇడిశిపెట్టినవా?"

"అవ్ మేడమ్" అన్నాను. రాసిన అబద్ధానికి కట్టుబడి ఉండటంలో నన్ను మించినవాడు లేడు.

"జ్వరానికైతే కార్డు నడవది. దెబ్బ తాకి పని పోతెనే నడుస్తది."

రాజవ్వ నావైపు తిరిగింది. "జ్వరమేందయ్యా? గా చెయ్యి జేబులకెళ్లి తియ్యి."

కట్లు విప్పినప్పటి నుంచి దాని కాపురం జేబులోనే.

"తియ్య" అన్నాను.

"నీ సిగ్గు పెద్దదా, నా పానం పెద్దదా?"

తీశాను. మేడమ్ ఆ చేతిని చూసింది, చీటీలోని వంకర అక్షరాలను చూసింది.

"ఎడమచేత్తోని రాసినవా?"

"అవ్ మేడమ్."

"మిల్లోళ్లు పంపిన దెబ్బ కాగితం మా తాన ఉన్నది, ఫికర్ చెయ్యకు. ఉన్నదున్నట్టు ఇంకోటి రాసి, మునీముతోని సంతకం పెట్టించుకరా." చీటీ తిరిగిచ్చేస్తూ అంది, "విద్యార్థి అని మాత్రం రాయకు."

ఆ సాయంత్రం మిల్లు గేటు దగ్గర కూర్చుని రాశాను: "మిషనులో నా కుడిచేతి వేళ్లు పోయినందున." మునీముతో సంతకం పెట్టించుకుని మర్నాడే మేడమ్ చేతిలో పెట్టాను. కార్డు నిలిచింది, రాజవ్వ మందులు ఆగలేదు.

మొన్న నాకు నిజంగానే జ్వరమొచ్చింది. రాజవ్వ నమ్మలేదు. "ముందుగాల జేబుల చెయ్యి తియ్యి, గప్పుడు చూస్త" అంది.

కాబట్టి మీరందరూ చూస్తుండగా ఈ కుడిచెయ్యే ఎత్తి, మిగిలిన బొటనవేలి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఒళ్లు కాలిపోతున్నా సరే, ఇక జన్మలో జ్వరమని రాయను.