నాన్న కంట్లో నందివర్ధనం

మా ఇంట్లో ఎవరికీ లేని మడి పెరట్లో నందివర్ధనం పొదకి ఉండేది. స్నానం చేయకుండా ముట్టకూడదు. కోసేటప్పుడు వాసన చూడకూడదు, చూస్తే ఆ పువ్వు శివుడికి పనికిరాదు. ఇవన్నీ అమ్మ చట్టాలు. తెల్లటి పువ్వు శివుడికి ఇష్టమనీ, ఆయనకి పెట్టి తీసిన పువ్వు కంటి మీద పెట్టుకుంటే చూపు చల్లగా ఉంటుందనీ ఆవిడ నమ్మకం. చిన్నప్పుడు నాకు కళ్లకలక వచ్చినప్పుడల్లా పటం మీంచి పువ్వులు తీసి రెప్పల మీద పరిచేది. హాయిగా ఉండేది, నాలుగు రోజుల్లో తగ్గిపోయేది. ఏం చేయకపోయినా కళ్లకలక తగ్గుతుందని అప్పుడు నాకెవరు చెప్తారు?

తర్వాత పదిమందికీ చెప్పే ఉద్యోగమే దొరికింది. అనకాపల్లిలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచర్ని. బోర్డు మీద కన్ను బొమ్మ గీసి కార్నియా ఎక్కడుందో చూపిస్తాను. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత నాకోసమే పుట్టి ఉంటుంది.

నాలుగేళ్ల కిందట నాన్న చెరకుకి జడ చుడుతున్నారు. గాలికి పడిపోకుండా ఎండాకులు మెలిపెట్టి గడల్ని కలిపి కట్టే పని అది. ఆకు అంచు కుడికంటికి గీసుకుంది. సాయంత్రానికి కన్ను ఎర్రబడింది. అమ్మ పువ్వులు తెమ్మంది, తెచ్చాను. ఈసారి రెప్పల మీద పరచడంతో ఆగలేదు. రెక్కలు నలిపి రసం కంట్లోకి పిండింది. రెప్ప విప్పి పట్టుకున్నది నేనే.

నాలుగు రోజులు అలా చేశాం. అయిదో రోజు నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ కనపడితే విశాఖపట్నం పరిగెత్తాం. డాక్టరమ్మ ముందుగా అడిగింది: "కంట్లో ఆకురసంగానీ పసరుగానీ వేశారా?"

"ఏటీ ఎయ్యలేదమ్మా. ఒట్టి నీల్లతో కడిగేం," అంది అమ్మ.

డాక్టరమ్మ మళ్లీ అడిగింది, నన్ను చూసి. అమ్మ మొహం పాలిపోయి ఉంది. నేను నేలచూపులు చూశాను. నిజం చెప్పి ఉంటే కన్ను దక్కేదో లేదో నాకు తెలియదు, ఎవరినీ అడిగే ధైర్యమూ లేదు. కన్ను మాత్రం పోయింది.

చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ అమ్మ ఒకటే చెప్పేది: "పువ్వు ఏసినన్నాల్లూ సల్లగుంది. ఆసుపత్రి మందే పాడుసేసింది." నాన్న పక్కనే కూర్చుని వినేవారు. ఒకరోజు ఆవిడ లేనప్పుడు, ఉండబట్టలేక, "ఆరోజు నేను చెప్పాల్సింది నాన్నా," అన్నాను.

"నాకూ నోరుంది కదే. మీయమ్మ ముకం సూసి ఊరుకున్నాను," అన్నారు. ఆ తర్వాత ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. ఆవిడ మనసు కాపాడుతున్నామని నాకు లోపల కాస్త గర్వంగా కూడా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మొన్నీమధ్య పక్కింటి కోడలు ఏడాది పిల్లని చంకనేసుకుని వచ్చింది. పిల్ల కన్ను ఎర్రగా వాచి, ఊసులు కట్టి ఉంది. అమ్మ అప్పటికే దేవుడి పటం మీంచి పువ్వులు తీసి ఆమె చేతిలో పోస్తోంది. "నలిపి రెండు సుక్కలు పిండు, సాలు."

నాన్న కుర్చీలోంచి సగం లేచారు. ఆయన చెప్తారేమోనని నేను చూశాను, నేను చెప్తానేమోనని ఆయన చూశారు.

"వద్దమ్మా," అన్నాను. "నాన్న కన్ను పోయింది ఆ రసంతోనే. డాక్టరమ్మకి మనం అబద్ధం చెప్పాం."

అమ్మ నాన్న వైపు తిరిగింది. "నిజవేనా?" ఆయన తలూపారు. కోడలు పువ్వులు గుమ్మంలో వదిలేసి, ఆసుపత్రికి ఆటో కోసం పరిగెత్తింది.

అమ్మ అక్కడే చతికిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి అడిగింది:

"ఈ నాలుగేల్లలో ఎంతమంది కల్లలో పిండించేనో, మీరిద్దరూ సూత్తానే ఉన్నారు కదా?"