కొలతల పుస్తకంలో నెంబర్లు

కంప్లిలో నేను జాకెట్లు కుడతాను. ఇంట్లో ఒక్కదాన్నే. ఆయన పోయినాక నాకు తోడు కుట్టుమిషనూ, కొలతలివ్వడానికి వచ్చే ఆడవాళ్ళూ. పుస్తకంలో ఒక్కొక్కరికి ఒక పేజీ: ఛాతీ, భుజం, చెయ్యి పొడవు, అడుగున ఫోన్ నెంబరు. కొన్ని నెంబర్ల చుట్టూ సున్నా చుట్టేదాన్ని. అంటే మాట్లాడకూడదు, జాకెట్ కుట్టడం అయిపోయాక మధ్యాహ్నం ఒక మిస్డ్ కాల్ ఇస్తే చాలని. ఆ గుర్తు నాకూ వాళ్ళకూ తప్ప ఎవరికీ తెలియదు.

అట్లాంటిదే పక్క వీధి కోడలి నెంబరు. బండ్రిలో ఉన్న కన్నతల్లితో అత్తింటివాళ్ళు ఆమెకు మాటలు మాన్పించారు. పాత ఫోను ఒకటి బియ్యం డబ్బాలో దాచుకుని, అత్త పొలానికి పోయిన వేళ తల్లితో మాట్లాడేది. తర్వాత నాకూ చేసేది. "అన్నం తింటివా అక్కా?" అని. ఈ ఊళ్ళో నన్ను ఆ మాట అడిగే మనిషి ఆమె ఒక్కతే.

పోయిన చలికాలం ఒకాయన వచ్చాడు. ముసలివాళ్ళకు దుప్పట్లు పంచే సంఘమట. "నీ కాడ శానామంది నెంబర్లు ఉంటాయి కదక్కా. ఇస్తే ఫోన్ చేసి దుప్పట్లు అడుగుతాం. నీకూ పుణ్యం" అన్నాడు. నన్ను కూడా ఒక మంచిపనికి పిలిచారే అని ఉబ్బిపోయాను. "ఫోటో తీసుకోప్పా" అని పుస్తకం తెరిచాను. ఆడవాళ్ళ కొలతలు పరాయి మగాడి కంట పడకూడదని వాటి మీద గుడ్డముక్క కప్పి, నెంబర్లు మాత్రమే తీయనిచ్చాను. ఏం జాగ్రత్త నాది!

మూడో రోజు అత్త బియ్యం కొలుచుకుంటుంటే డబ్బాలో ఫోను గుర్రుమంది. ఆమే ఎత్తింది. దుప్పట్లవాళ్ళు మర్యాదగానే మాట్లాడారట. సాయంత్రం మొగుడు ఫోను పగలగొట్టాడని, కోడలిని గడప దాటనివ్వడం లేదని ఎదురింటామె వచ్చి చెప్పింది.

సంఘం ఆయనకు ఫోన్ చేసి అరిచాను. "మేం తప్పుగా ఏం మాట్లాడలేదక్కా, దుప్పటి అడిగినాం అంతే" అన్నాడు. నిజమే. అడిగింది ఆయన, ఇచ్చింది నేను. ఇద్దరు ముగ్గురు దుప్పట్లు ఇచ్చారు కూడా. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నన్ను నమ్మి చెప్పిన నెంబర్లు నేను దానం చేశాను. ఆ ఫోటోలు తీసేయమన్నాను. తీసేశానన్నాడు. తీసేస్తే ఇప్పుడు ఏం లాభం?

ఆ కోడలి ఇంటికి పోదామని రెండుసార్లు చెప్పులు వేసుకున్నాను. అత్త ముందర ఏమని అడగను? నేను పోతే ఆమెకు ఇంకా కష్టం. చెప్పులు విడిచి మళ్ళీ మిషను ముందు కూర్చున్నాను. ఆ రోజుల్లో వండుకోబుద్ధి కూడా అయ్యేది కాదు.

పది రోజులకు తెలియని నెంబరు నుంచి ఫోన్ వచ్చింది. బండ్రి నుంచి ఆమె తల్లి.

"మా పాప ఫోను కలవడం లేదు తల్లీ. బాగుండాదా?"

"బాగుండాదమ్మా. ఫోను చెడిపోయింది, అంతే" అన్నాను.

"ఏమన్నా అయితే ఈ అక్కకు చెయ్యి, మన గుట్టు యాడా చెప్పదు అని నీ నెంబరు ఇచ్చింది" అంది ఆ తల్లి.

ఫోను చెడగొట్టింది నేనేనని నోటిదాకా వచ్చింది, చెప్పలేకపోయాను. అప్పటినుంచి ఆ తల్లి రోజూ ఫోన్ చేస్తుంది. ఫోను పగిలినప్పటినుంచి నేను కంటితో చూడని ఆమె కూతురు బాగుందని రోజూ చెబుతున్నాను.